క్రీమీ చికెన్ పాస్తా: ఏ సాస్, ఏ ముక్క, ఏ మసాలా?

ఘాటుగా వేయించిన చికెన్‌తో క్రీమీ పాస్తా ఇంట్లో చేస్తే ఎక్కువగా చెడేది సాసే. వీడియోలో అది నున్నగా పాస్తాకి పట్టుకుని ఉంటుంది. మన బాండీలో మాత్రం పైన నూనె, కింద పలుకులు పలుకులుగా విరిగిన పాలు కనిపిస్తాయి. చేయి తిరగకపోవడం దీనికి కారణం కాదు, తేడా ప్యాకెట్‌లోనే ఉంది. ఆ వీడియోల్లో చాలావరకు అమెరికా పద్ధతి వంటలు. అక్కడ హెవీ క్రీమ్ అంటే కనీసం 36 శాతం కొవ్వు ఉండాలి. దాన్ని మరిగించి ఇగరబెడితే దానంతటదే చిక్కబడుతుంది. మన దగ్గర టెట్రా ప్యాక్‌లో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు సాధారణంగా 25 శాతం, కొన్నింట్లో ఇంకా తక్కువ. కొవ్వు తగ్గినకొద్దీ పాల ప్రోటీన్ వాటా పెరుగుతుంది. పెద్ద మంటకో పులుపుకో ఆ ప్రోటీన్ ముద్దకట్టి, వెన్నని బయటికి వదిలేస్తుంది. కోడికూరలో నూనె పైకి తేలితే కూర అయినట్టు. ఈ సాస్‌లో నూనె తేలిందంటే విరిగినట్టు.

అందుకే ముందు సాస్ ఏదో తేల్చుకోండి, తర్వాత దానికి సరిపడే మసాలా, ఆ తర్వాత చికెన్ ముక్క. పాస్తా ఆకారం చివర చూసుకోవచ్చు. కింది కొలతలన్నీ నలుగురికి: 300 గ్రాముల పాస్తా, 500 గ్రాముల బోన్‌లెస్ చికెన్.

సాస్: ఎప్పుడు తింటారన్నదాన్ని బట్టి

ఫ్రెష్ క్రీమ్, చీజ్. రుచిలో దీన్ని మించింది లేదు, పని కూడా ఐదు నిమిషాలే. 20 గ్రాముల వెన్నలో సన్నగా తరిగిన ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు చిన్న మంట మీద వాసన వచ్చేదాకా వేయించాలి. రంగు మారేదాకా ఆగితే చేదొస్తుంది. పాస్తా ఉడికిన నీళ్లు 100 మిల్లీలీటర్లు పోసి, అవి పొంగాక మంట తగ్గించి, 200 మిల్లీలీటర్ల క్రీమ్ కలపాలి. క్రీమ్‌ని అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టండి, చల్లటిది వేడి బాండీలో పడితే విరిగే ప్రమాదం ఎక్కువ. అంచుల వెంబడి చిన్న బుడగలు వస్తే చాలు, తెర్లనివ్వకూడదు. రెండు నిమిషాలకి స్టవ్ కట్టేసి 50 గ్రాముల చీజ్ తురుము కలపండి. ఈ సాస్‌కి ఓపిక తక్కువ. దించిన పది పదిహేను నిమిషాల్లో తినేయాలి. ఇంట్లో ఒకరు ఏడింటికి, ఒకరు తొమ్మిదింటికి తింటారంటే దీని జోలికి వెళ్లకండి.

వైట్ సాస్. వెన్న, మైదా, పాలు. పిండిలోని గంజి పాల ప్రోటీన్ ముద్దకట్టకుండా అడ్డుపడుతుంది కాబట్టి ఇది మరిగినా విరగదు, గంటసేపు పక్కన పెట్టి మళ్లీ వేడి చేసినా తట్టుకుంటుంది. 30 గ్రాముల వెన్న కరిగించి 25 గ్రాముల మైదా, అంటే గీసిన మూడు టేబుల్ స్పూన్లు, వేసి చిన్న మంట మీద రెండు నిమిషాలు వేయించాలి. పచ్చి వాసన పోవాలి, రంగు మాత్రం రాకూడదు. స్టవ్ కట్టేసి, 500 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు మూడు విడతలుగా పోయండి. మొదటి విడత గట్టి ముద్దలా అవుతుంది, భయపడనక్కర్లేదు. అది పూర్తిగా నున్నబడ్డాకే రెండో విడత పోయాలి. పాలన్నీ ఒకేసారి కుమ్మరించడం వల్లే ఉండలు కడతాయి. తర్వాత చిన్న మంట మీద కలుపుతూ ఐదారు నిమిషాలు ఉడికిస్తే, గరిటె వెనక పూతలా పట్టి, వేలితో గీసిన గీత కలవకుండా నిలుస్తుంది. అక్కడే ఆపండి. ఉడకని వైట్ సాస్ నోటికి పిండిపిండిగా తగులుతుంది. ఎంత చీజ్ వేసినా ఆ రుచి పోదు. పాలు 6 శాతం కొవ్వున్న ఫుల్ క్రీమ్ అయితే మేలు. 3 శాతం టోన్డ్ పాలైతే వెన్న మరో 10 గ్రాములు పెంచండి. డబుల్ టోన్డ్ పాలతో సాస్ నీళ్లనీళ్లగా ఉంటుంది, వద్దు. జాజికాయని రెండుసార్లు గీరి వేస్తే మైదా వాసన అణుగుతుంది.

రెండూ కలిపినది. మొదటిసారి చేసేవాళ్లకి, చుట్టాలు వచ్చినప్పుడు చేసేవాళ్లకి మా సలహా ఇదే. 20 గ్రాముల వెన్న, 15 గ్రాముల మైదా, 350 మిల్లీలీటర్ల పాలతో పలచని వైట్ సాస్ చేసి, అది ఉడికాక స్టవ్ కట్టేసి 100 మిల్లీలీటర్ల ఫ్రెష్ క్రీమ్ కలపండి. మైదా ఉంది కాబట్టి క్రీమ్ విరగదు, క్రీమ్ ఉంది కాబట్టి పిండి రుచి తెలియదు. మిగతా సగం క్రీమ్ ప్యాకెట్ మూడు నాలుగు రోజుల్లో ఏ పనీర్ కూరలోనో వాడేయొచ్చు.

జీడిపప్పు పేస్టు. పాలు పడనివాళ్లకి మంచి దారి. 60 గ్రాముల జీడిపప్పు వేడినీళ్లలో అరగంట నానబెట్టి, 200 మిల్లీలీటర్ల నీళ్లతో మెత్తగా, వేళ్ల మధ్య రవ్వ తగలనంత మెత్తగా రుబ్బాలి. గుండ్లు అక్కర్లేదు, బద్దలో ముక్కలో చాలు, ధర బాగా తగ్గుతుంది. పలాస జీడిపప్పు అమ్మే చోట ముక్కలు విడిగా దొరుకుతాయి. జీడిపప్పులో గంజి ఉండటం వల్ల వేడి తగిలిన నిమిషంలోనే చిక్కబడి అడుగంటుతుంది. కలపడం ఆపకుండా, పాస్తా నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ఉండాలి. దీనికి సహజంగా కొంచెం తీపి ఉంటుంది, కాబట్టి ఘాటైన చికెన్‌కి బాగా కుదురుతుంది. చప్పగా ఉండే చికెన్‌తో వెగటు పుడుతుంది.

ఇంట్లో తీసిన మీగడ వాడొచ్చా అంటే, తాజాదైతే వాడొచ్చు. సమానంగా పాలు కలిపి మిక్సీలో రెండు సెకన్లు మాత్రం తిప్పాలి, ఎక్కువ తిప్పితే వెన్న పడిపోతుంది. వారం రోజులు ఫ్రిజ్‌లో పోగుచేసిన మీగడ పులిసి ఉంటుంది, అది సాస్‌లో పడగానే విరుగుతుంది. ఆ మీగడ నెయ్యికే.

అమెరికాలో ఉన్నవాళ్లు హెవీ క్రీమ్‌తో ఏ మైదా లేకుండానే మొదటి పద్ధతి ధైర్యంగా చేయొచ్చు. పాలు, క్రీమ్ కలిపి అమ్మే హాఫ్ అండ్ హాఫ్ తీసుకుంటే మాత్రం అందులో కొవ్వు 18 శాతం దాటదు, మైదా తప్పనిసరి. బ్రిటన్‌లో డబుల్ క్రీమ్ సుమారు 48 శాతం. అది ఇక్కడి ఫ్రెష్ క్రీమ్‌కి దాదాపు రెట్టింపు చిక్కదనం కాబట్టి 120 మిల్లీలీటర్లకి 80 పాలు కలిపి వాడుకోవచ్చు. అక్కడి సింగిల్ క్రీమ్ 18 శాతమే, మరిగిస్తే విరుగుతుంది.

ఆల్ఫ్రెడో పేరుతో మన హోటళ్లలో వచ్చేది చాలావరకు పైన చెప్పిన వైట్ సాసే. రోమ్‌లో హోటల్ నడిపిన ఆల్ఫ్రెడో డి లెలియో పేరు మీద ప్రసిద్ధమైన అసలు వంటకంలో క్రీమ్ లేదు, చికెన్ కూడా లేదు. ఉన్నవి వెన్న, పార్మెజాన్ చీజ్, పాస్తా నీళ్లు. క్రీమ్, చికెన్ అమెరికాలో చేరాయి.

చీజ్‌లో ఏది?

ప్రాసెస్డ్ చీజ్ క్యూబ్‌ని తక్కువగా చూసేవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ ఈ పనికి అది నమ్మకమైనది. కరిగినప్పుడు కొవ్వూ ప్రోటీనూ విడిపోకుండా పట్టి ఉంచే లవణాలు అందులో ముందే ఉంటాయి. రెండు క్యూబ్‌లు, అంటే 50 గ్రాములు, సాస్‌లో నున్నగా కలిసిపోతాయి. ఉప్పు బాగా ఉంటుంది కాబట్టి సాస్‌లో వేరే ఉప్పు చివర రుచి చూశాకే వేయండి.

పార్మెజాన్ వాసన దేనికీ రాదు. ధర కూడా అలాగే ఉంటుంది. కొంటే ముక్కగా కొని, పొడిలా సన్నగా తురిమి, మంట ఆర్పాక ఒక నిమిషం ఆగి కలపండి. ఉడుకుతున్న సాస్‌లో వేస్తే గరిటెకి అంటుకునే జిగురు ముద్ద అవుతుంది. ఇటలీ నుంచి వచ్చే అసలు పార్మిజానో రెజ్జానోలో పాలు గడ్డకట్టడానికి దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్ వాడతారు. బల్ల దగ్గర శాకాహారులు ఉండి, వాళ్లకి చికెన్ లేని పాస్తా విడిగా తీస్తుంటే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మొజరెల్లా సాస్‌లోకి వద్దు. తీగలు సాగి, చల్లారాక రబ్బరు అవుతుంది. పైన వేసి ఓవెన్‌లో పెట్టేదానికి ఉంచుకోండి.

మసాలా: ఘాటు ఎంత, పులుపు ఎంత?

కేజున్ మసాలా అమెరికాలోని లూసియానా ప్రాంతానిది. క్రీమీ పాస్తాకి దీన్ని ఎక్కువగా జత చేయడానికి తగిన కారణం ఉంది, ఇందులో పులుపు లేదు. 500 గ్రాముల చికెన్‌కి రెండు టీస్పూన్ల ఎర్ర కారం, ఒక్కో టీస్పూన్ వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, ఒరెగానో, అర టీస్పూన్ థైమ్, అర టీస్పూన్ మిరియాల పొడి, టీస్పూన్ ఉప్పు. అక్కడ వాడే పాప్రికా అనే మిరపపొడిలో రంగెక్కువ, కారం తక్కువ. దాని బదులు రెండు టీస్పూన్లూ గుంటూరు కారమే వేస్తే సాస్ రుచి ఏమీ మిగలదు. కాశ్మీరీ కారమో బ్యాడిగి కారమో ఒకటిన్నర టీస్పూన్, గుంటూరు కారం అర టీస్పూన్ చాలు. వరంగల్ వైపు వాళ్లకైతే చపాటా మిర్చి పొడి ఉండనే ఉంది. ఎరుపు చిక్కగా, ఘాటు తక్కువగా ఉండే ఆ కారం పాప్రికాకి చాలా దగ్గర. అది దొరికితే మొత్తం రెండు టీస్పూన్లూ అదే వేయొచ్చు. డబ్బాలో దొరికే కేజున్ మసాలా కొంటే వెనక లేబుల్ చూడండి. చాలావాటిలో ఉప్పే మొదట ఉంటుంది, అప్పుడు పైన చెప్పిన టీస్పూన్ ఉప్పు మానేయాలి.

టిక్కా పద్ధతి మన నాలుకకి దగ్గరే, కానీ పెరుగు, నిమ్మరసం అందులో ఉంటాయి. చికెన్ వేగాక బాండీ అడుగున మిగిలే పుల్లటి రసం క్రీమ్‌లో కలిస్తే అక్కడికక్కడే విరుగుతుంది. నీళ్లు వడగట్టిన గట్టి పెరుగు రెండు టేబుల్ స్పూన్లకి మించకుండా, నిమ్మకాయ మానేసి చేయండి, ఆ బాండీ తుడిచేసి సాస్ వేరుగా మొదలుపెట్టండి. దీనికి వైట్ సాసో జీడిపప్పు సాసో మాత్రమే. చివర చిటికెడు కసూరీ మేథీ నలిపి వేస్తే టిక్కా రుచీ, సాస్ రుచీ కలుస్తాయి.

మిరియాలు, కరివేపాకు. క్రీమ్‌కి ఇంత బాగా నప్పే జోడీ మరొకటి లేదు. ఇంట్లో ఒరెగానో లేదని ఆగిపోనక్కర్లేదు. కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు ఒకటిన్నర టీస్పూన్, దంచిన వెల్లుల్లి ఆరు రెబ్బలు, ఉప్పు చికెన్‌కి పట్టించాలి. సాస్‌కి వేసే వెన్నలో రెండు రెబ్బల కరివేపాకు, చీల్చిన పచ్చిమిర్చి రెండు వేయించాలి. కరివేపాకు కరకరలాడాక సగం తీసి పక్కన పెట్టి వడ్డించేటప్పుడు పైన వేయండి. సాస్ తెల్లగా ఉంటుంది, ఘాటు మాత్రం గొంతులో తెలుస్తుంది.

అల్లం వెల్లుల్లి పేస్టు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో చేయి ముందు దాని మీదికే వెళ్తుంది. పచ్చి అల్లంలో పాలని విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది. చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో వేడి పాలని అల్లం రసంతోనే తోడుపెట్టి తీపి వంటకం చేస్తారు. గట్టిగా వేయిస్తే ఆ ఎంజైమ్ పని చేయదు. కొనే పేస్టుల్లో మాత్రం అది కాక, నిల్వకోసం వేసిన పులుపు కూడా ఉంటుంది. చికెన్‌కి పట్టించి బాగా వేయిస్తే ఫర్వాలేదు, సాస్‌లోకి మాత్రం వెల్లుల్లి ఒక్కటే వేయండి. పసుపు, ధనియాల పొడి, గరం మసాలా కూడా సాస్‌లోకి అక్కర్లేదు. ధనియాల పొడి వేస్తే రంగు మట్టి తేలి, కూర వాసన కొడుతుంది.

బ్రెస్టా, లెగ్ బోన్‌లెస్సా?

రుచికీ, పొరపాటు తట్టుకోవడానికీ లెగ్ బోన్‌లెస్. షాపులో అడిగితే తొడ భాగం ఎముక తీసి ఇస్తారు. కొవ్వు, జిగురు పొరలు ఎక్కువ కాబట్టి రెండు మూడు నిమిషాలు ఎక్కువ వేగినా మెత్తగానే ఉంటుంది. మధ్య మంట మీద ఒక్కో వైపు ఐదారు నిమిషాలు. పిల్లలున్న ఇంట్లో ఇదే తీసుకోండి.

బ్రెస్ట్ ముక్కలు చూడ్డానికి అందంగా వస్తాయి, నీచు వాసన తక్కువ, కానీ రెండు నిమిషాలు ఆలస్యమైతే పీచులా అవుతుంది. 250 గ్రాముల ముక్క ఒక చివర లావుగా, ఒక చివర పలచగా ఉంటుంది కనుక, అలాగే వేయిస్తే పలచటి చివర ఎండిపోయేసరికి లావు భాగం పచ్చిగా ఉంటుంది. కత్తిని అడ్డంగా పట్టి, పుస్తకం తెరిచినట్టు రెండు పలకలుగా, ఒకటిన్నర సెంటీమీటర్ మందంలో కోయండి. ఉప్పు, మసాలా, టేబుల్ స్పూన్ నూనె పట్టించి కనీసం అరగంట ఉంచాలి. నూనెతో కలిపి పట్టించడం ముఖ్యం, పొడి మసాలా వేడి బాండీకి తగిలితే క్షణాల్లో మాడుతుంది. మధ్య మంట మీద మొదటి వైపు నాలుగు నిమిషాలు కదపకుండా, తిప్పి మూడు నిమిషాలు. థర్మామీటర్ ఉంటే లోపల 74 డిగ్రీలు చూడండి. లేకపోతే లావు చోట కోస్తే గులాబీ రంగు కనిపించకూడదు. ఐదు నిమిషాలు పక్కన ఉంచాకే పీచుకి అడ్డంగా కోయాలి, వెంటనే కోస్తే రసమంతా పళ్లెంలోకి కారిపోతుంది.

ఏ ముక్కైనా వేయించే ముందు తడి పూర్తిగా అద్దండి. చిన్న ముక్కలుగా కోసి అరకిలో ఒకేసారి బాండీలో వేస్తే నీరు ఊరి ఉడుకుతాయి తప్ప వేగవు. రెండు విడతలుగా వేయించాలి. స్టీలు బాండీ లేదా ఇనుప పెనం వాడితే అడుగున ఎర్రటి పొర పడుతుంది. అరకప్పు పాస్తా నీళ్లు పోసి గీరితే సాస్‌కి రుచంతా అదే ఇస్తుంది. నాన్‌స్టిక్‌లో ఆ పొర సరిగా పడదు, వైట్ సాస్‌కి మాత్రం నాన్‌స్టిక్ సుఖం. పొర నల్లగా మారి చేదు వాసన వస్తుంటే మొహమాటం లేకుండా కడిగేయండి.

పాస్తా

లేబుల్ మీద డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉండాలి. మామూలు గోధుమ రవ్వతోనో మైదాతోనో చేసిన చవక మాకరోనీ సాస్‌లో పడ్డాక జావలా అవుతుంది. ఆకారాల్లో గీతలున్న పెన్నె, మెలికల ఫ్యూసిలీ రెండూ మంచివే, సాస్ గీతల్లో, గొట్టంలో నిలుస్తుంది, చికెన్ ముక్కతో పాటు ఫోర్క్‌కి వస్తుంది. ఫెటుచ్చినీ వెడల్పు పట్టీలకి క్రీమ్ బాగా పడుతుంది, అయితే బ్రెస్ట్ పలకలు పైన పరిచి వడ్డించేటప్పుడే బాగుంటుంది. స్పగెట్టీ ఈ సాస్‌కి సన్నం, ముద్దకడుతుంది.

మూడు లీటర్ల నీళ్లకి 20 గ్రాముల ఉప్పు. నీళ్లలో నూనె వేయకండి, వడగట్టాక చన్నీళ్లతో కడగకండి, రెండింటివల్లా సాస్ జారిపోతుంది. ప్యాకెట్ మీద 11 నిమిషాలంటే 9 నిమిషాలకి తీసేయాలి. వడగట్టే ముందు ఒక కప్పు నీళ్లు తప్పకుండా పక్కన పెట్టుకోండి, చాలామంది సింక్‌లో పారబోశాక గుర్తు తెచ్చుకుంటారు. మిగతా రెండు నిమిషాలు పాస్తా సాస్‌లోనే ఉడకాలి. వైట్ సాస్ అయితే చిన్న మంట మీద, క్రీమ్ సాస్ అయితే చీజ్ వేయకముందే పాస్తా కలిపి. దించేటప్పుడు సాస్ మీకు నచ్చినదానికన్నా కాస్త పలచగా ఉండాలి, పళ్లెంలోకి వచ్చేసరికి చిక్కబడుతుంది. చికెన్ చివర పైన వేయండి.

విరిగితే, మిగిలితే

నూనె తేలడం మొదలవగానే స్టవ్ కట్టేసి, రెండు మూడు టేబుల్ స్పూన్ల పాస్తా నీళ్లు పోసి విస్కర్‌తో గట్టిగా గిలక్కొట్టండి. అప్పుడే విరగడం మొదలైన సాస్ మళ్లీ కలిసిపోతుంది. పూర్తిగా పలుకులైతే పాస్తా కలపకముందే సాస్‌ని చల్లార్చి మిక్సీలో వేసి, టీస్పూన్ కార్న్‌ఫ్లోర్ చన్నీళ్లలో కలిపి పోసి, చిన్న మంట మీద రెండు నిమిషాలు ఉడికించాలి. కారం ఎక్కువైతే నీళ్లు కాదు, క్రీమో చీజో కలపండి, మిరప ఘాటు కొవ్వులో కరుగుతుంది. ఉప్పెక్కువైతే ఉప్పు లేని పాలు, ఇంకొంచెం ఉడికించిన పాస్తా.

మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి, వీలైతే చికెన్ వేరే గిన్నెలో. మర్నాటికి పాస్తా సాస్ అంతా పీల్చుకుని గట్టిపడి ఉంటుంది. ఒక్కో పళ్లేనికి మూడు టేబుల్ స్పూన్ల పాలు పోసి, మూతపెట్టి, చిన్న మంట మీద మధ్యమధ్య కలుపుతూ పొగలొచ్చేదాకా వేడి చేయండి. మైక్రోవేవ్ అయితే సగం పవర్‌లో నిమిషం చొప్పున. మైదా ఉన్న సాస్ మళ్లీ దాదాపు మొదటిలాగే వస్తుంది. క్రీమ్ ఒక్కదాంతో చేసినది మాత్రం వెన్న వదులుతుంది, కాబట్టి అది మిగలకుండా కొలత చూసి చేసుకోండి.